రెండున్నరకు పడే విమానం

మిట్టమధ్యాహ్నం చేపల చెరువు గట్టు మీద నిలబడి ఆకాశంలోకి చూడటం ఎంత కష్టమో ఏలూరు బాషాను అడగాలి. పైనుంచి ఎండ, కింద నీళ్ళ మీంచి మళ్ళీ అదే ఎండ. కళ్ళు చికిలించి చికిలించి అతని మొహం అలాగే ఉండిపోయింది. ఇంట్లో అన్నం తింటూ కూడా అలాగే చూస్తుంటే, "నేను ఆకాశంలో లేనండీ, మీ ఎదురుగానే కూర్చున్నాను" అని భార్య షహనాజ్ వేళాకోళం చేసేది.

అతను చేసే పనికి సరైన పేరు లేదు. "ఏం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే, "పిట్టల్ని తోలుతుంటానండీ" అనేవాడు. ఎలా తోలతారంటే, "విమానంతోనండీ" అనేవాడు. అడిగినవాళ్ళు నవ్వేసి వెళ్ళిపోయేవారు. నవ్వడానికేం లేదు, అది నిజమే. చేతులు బారజాపినంత రెక్కలు, ముక్కులో చిన్న ఇంజను, ఒళ్ళంతా నల్లరంగు, గద్ద అని పక్షులు నమ్మడానికి రెక్కల కింద నాలుగు గోధుమరంగు చారలు. నడపడానికి బాషా చేతిలో రిమోట్ పెట్టె. కైకలూరు వైపు సత్తిబాబు గారి చేపల చెరువుల మీద ఆ విమానం ఒక్క చుట్టు తిరిగిందంటే నీటికాకులు, గూడబాతులు లేచి కొల్లేరు లోపలికి దారి పట్టేవి. కాసేపటికి మళ్ళీ వచ్చేవి. బాషా మళ్ళీ ఎగరేసేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే తంతు. ఎవరికి ముందు విసుగు పుడుతుందా అన్నది పోటీ. పక్షులకు విసుగు పుట్టదని బాషాకు మొదటి నెలలోనే తెలిసిపోయింది.

పుట్టుకతోనే పిట్టలు తోలేవాడు కాదు అతను. ఏలూరు పవర్‌పేటలో ఒకప్పుడు బాషా రేడియో షాపు అంటే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవారు. రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఆ తర్వాత టీవీలు. మూత విప్పకుండానే, మోగే మోత విని జబ్బేమిటో చెప్పేవాడు. ఆ చెవుల మీద అతనికి గొప్ప నమ్మకం. ఆ నమ్మకమే తర్వాత కొంప ముంచింది, అది ముందు ముందు తెలుస్తుంది. పాడైతే పారేసి కొత్తది కొనుక్కునే కాలం వచ్చాక షాపులో ఈగలు తోలుకోవడం తప్ప పనిలేకపోయింది. షట్టరు దించేసిన రోజున బాషాకు పెద్ద బాధ కూడా కలగలేదు. అప్పటికే అలిసిపోయి ఉన్నాడు.

విమానం ఎగరేయడం తాడేపల్లిగూడెంలో అబ్బింది. యుద్ధకాలంలో తెల్లవాళ్ళు వేసిన పాత రన్‌వే ఒకటి అక్కడ ఉంది. విమానాలు దిగడం ఎప్పుడో మానేశాయి. మోటారు సైకిలు నేర్చుకునేవాళ్ళకీ, పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ళకీ అది పనికొస్తుంది. ఎయిర్‌ఫోర్సులో పనిచేసి రిటైరైన భాస్కరరావు గారనే పెద్దాయన ఆదివారాలు అక్కడికి వచ్చి బొమ్మ విమానాలు ఎగరేసేవారు. ఆయన రిమోట్ పెట్టె బాగుచేయడానికి వెళ్ళిన బాషా, బాగుచేశాక కూడా వెళ్ళడం మానలేదు. "నువ్వు పట్టుకో" అని ఆయన పెట్టె చేతిలో పెట్టిన రోజు బాషాకు ఇప్పటికీ గుర్తు. ఆ పెద్దాయన తెల్లవారుతూనే ఎగరేసి, ఎండ కాస్త ముదిరేసరికి అన్నీ సర్దేసుకునేవారు. బట్టతల కాబట్టి ఎండకు జంకుతున్నారనుకున్నాడు బాషా. ఎందుకండీ అని ఒక్కసారైనా అడగలేదు. అడిగేలోగానే ఆయన పోయారు.

సత్తిబాబు గారు ఆ రన్‌వే మీదే బాషాను చూశారు. ఆయన నాలుగు చెరువుల ఆసామీ. ఆ రోజు ఏదో పెళ్ళికి వచ్చి, పొద్దున్నే నడుద్దామని బయలుదేరి, నల్లటి బొమ్మ విమానానికి జడిసి కాకులన్నీ లేచిపోవడం చూసి అక్కడే నిలబడిపోయారు.

"ఏవండీ బాషా గారూ, ఇది నా చెరువు మీద తిరిగితే గూడబాతులు కూడా ఇలాగే పోతాయంటారా?"

"పోతాయండీ. మళ్ళీ వస్తాయనుకోండి."

"వస్తే మళ్ళీ తోలదాం. టపాకాయలు కాల్చి కాల్చి మా దేవసహాయానికి చెవులు పోయేలా ఉన్నాయి."

సత్తిబాబు మనసు పడితే ఆగే మనిషి కాదు. కొత్త విమానం, కొత్త రకం రిమోట్ సెట్టు తెప్పించారు. విమానం పొట్టలో కూర్చుని, నేల మీది మనిషి చెప్పే మాట విని రెక్కలకూ తోకకూ చెప్పే చిన్న డబ్బీ ఒకటి ఉంటుంది. దాన్నే రిసీవర్ అంటారు. విమానానికి చెవీ అదే, బుర్రా అదే. పాత రకానికి పొడుగాటి తీగ వేలాడేది. దీనికి తీగ లేదు, అగ్గిపెట్టెంత ఉంది. పక్కన ఇంకే యంత్రం ఉన్నా దీని పనికి అడ్డురాదని అట్టపెట్టె మీద ఇంగ్లీషులో గొప్పగా అచ్చువేసుకున్నారు. బాషా దాన్ని చదివి పెదవి విరిచాడు. అమ్ముకునేవాళ్ళు అలాగే రాసుకుంటారు.

అది జనవరి. ఇంజను అదురుకు రిసీవరు దెబ్బతినకుండా మెత్తటి స్పాంజిలో చుట్టాలి. పైగా కింద నీళ్ళు. పడిందంటే తడుస్తుంది. బాషా రిసీవరును పాలిథిన్ కవరులో పెట్టి రబ్బరుబ్యాండు బిగించాడు. స్పాంజి కోసం ఊరంతా తిరగడమెందుకని షహనాజ్‌ను అడిగాడు. తంగెళ్ళమూడి తివాచీల ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. చిన్నప్పటి నుంచీ మగ్గం ముందు కూర్చుని ఉన్ని ముడులు వేసీ వేసీ వేళ్ళ చివర్లు కాయలు కాశాయి. తివాచీలు అడిగేవాళ్ళు తగ్గి మగ్గాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి గానీ, ఇంట్లో ఉన్నికి కొదవలేదు. ఎరుపూ నీలమూ కలిపి, అంచున చిన్న పువ్వు కూడా వేసి, దట్టంగా ముడులేసి ఆమె ఒక సంచి నేసి ఇచ్చింది. పువ్వెందుకు అంటే, "ఎవరూ చూడరని వేయకూడదా?" అంది. ఇంత అందమైన చొక్కా తొడుక్కున్న రిసీవరు ప్రపంచంలో ఇంకొకటి ఉండదని బాషా అనుకున్నాడు. ఉండదు కూడా. బుద్ధున్నవాళ్ళెవరూ తొడగరు.

ఫిబ్రవరి, మార్చి హాయిగా గడిచాయి. ఏప్రిల్ సగం దాటాక విమానం పడటం మొదలుపెట్టింది.

పొద్దున్నంతా బుద్ధిగా ఎగిరేది. మధ్యాహ్నం రెండు దాటాక, బాగా తిరుగుతున్నదల్లా ఒక్కసారి చచ్చుబడిపోయేది. బాషా రిమోట్ పెట్టె మీది పుల్లలు ఎటు తిప్పినా దానికి వినిపించేది కాదు. ముక్కు వాల్చి తిన్నగా చెరువులో పడేది. గట్టు కాపలా చూసే దేవసహాయం దోనె వేసుకుని వెళ్ళి, నీళ్ళు కారుతున్న విమానాన్ని ఒడిలో పెట్టుకుని తెచ్చేవాడు. బాషా దాన్ని షెడ్డులోకి తీసుకెళ్ళి, విప్పి, ఆరబెట్టి, పరీక్షచేస్తే అన్నీ సవ్యంగానే ఉండేవి. బ్యాటరీ మార్చాడు. తీగలు మార్చాడు. విరిగిన రెక్కలకు అతుకు మీద అతుకు వేశాడు. మర్నాడు పొద్దున ఎగిరేది, మధ్యాహ్నం పడేది. అతని తల ప్రాణం తోకకొచ్చింది. జబ్బు దొరికితే మందు వేయొచ్చు. డాక్టరు ముందుకు రాగానే దగ్గు మానేసే రోగిని ఏం చేయాలి?

దేవసహాయం సంగతి ఇక్కడే చెప్పాలి. అరవై దాటిన మనిషి, బక్కపలచన, మాట మెత్తన. విమానం రాకముందు డబ్బాలు వాయించీ, టపాకాయలు కాల్చీ పక్షుల్ని తోలింది అతనే. భార్య పోయింది. ఒక్కతే కూతురు సువార్త కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంటావిడ బజారుకో, చుట్టాలింటికో వెళ్ళే వేళ చూసుకుని ఆ పిల్ల ఫోను చేసేది. అక్కడ పన్నెండైతే ఇక్కడ రెండున్నర. రోజూ కాకపోయినా రోజు విడిచి రోజు. తండ్రి చేతికి ఆ చిన్న ఫోను కొనిపెట్టింది కూడా ఆమే. ఇతను తిరిగి చేయడానికి లేదు. నంబరు కనిపించదు, కనిపించినా ఆ ఇంటికి చేయకూడదు. కాబట్టి భోజనం అవగానే ఫోను రుమాలుతో తుడిచి, కాస్త ఎత్తుగా ఉన్న చోట, మోటారు షెడ్డు నీడన గట్టు మీద కూర్చునేవాడు. మోగితే లేచి నిలబడి మాట్లాడేవాడు. కూర్చుని మాట్లాడితే సరిగా వినిపించదని అతని నమ్మకం.

ఒకరోజు అతని ఫోను మోగింది, విమానం పడింది. రెండు రోజుల తర్వాత మళ్ళీ మోగింది, మళ్ళీ పడింది. బాషా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

రేడియో పక్కన సెల్‌ఫోను పెడితే, అది మోగబోయే ముందు రేడియోలో టిక్కుటిక్కుమని రొద వస్తుంది. రిపేరు బల్ల ముందు కూర్చున్న ఎవరికైనా తెలిసిన సంగతే. బాషా ఆ రొద ఎన్ని వేలసార్లు విని ఉంటాడో. ఇంకేముంది, దొంగ దొరికాడు! అడ్డురాదని పెట్టె మీద రాస్తే మాత్రం? ఫోను రేడియోను కుదిపేస్తుందని అతని చెవులకు తెలుసు. ఫోను మోగని రోజున కూడా విమానం పడింది గదా అన్న ఆలోచన వచ్చింది గానీ, ఆ రోజు మోగబోయి ఆగి ఉంటుందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అలిసిపోయిన మనిషికి ఏదో ఒక జవాబు దొరికితే చాలు, అది సరైనదా కాదా అని చూసే ఓపిక ఉండదు.

సత్తిబాబు చెవిన వేశాడు. ఆయన వెంటనే దేవసహాయాన్ని పిలిచారు.

"చూడు దేవసహాయం, నీ ఫోను వల్లే విమానం పడిపోతోందంట. గట్టు మీదకి తేవద్దు."

"నా ఫోను దానికేం చేస్తాదండి బాబూ? జేబులోనే ఉంటాదండి."

"బాషా గారు మెకానిక్కు, ఆయన చెబుతున్నారు గదా. షెడ్డులో బీరువాలో పెట్టేసెయ్. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు తీసుకో."

దేవసహాయం బాషా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఈయన చెబితే నిజమే అయ్యుంటుంది అన్నట్టు చూశాడు. అప్పుడైనా బాషా నోరు తెరిచి, "మధ్యాహ్నం కాసేపు ఫోను ఇవ్వండి, ఆ కాసేపూ నేను ఎగరేయను" అని ఉండొచ్చు. అనలేదు. పక్షులు కడుపునిండా చేపలు తింటుంటే ఎగరేయనని అనడం ఎలా అని జంకాడు. దేవసహాయం ఫోను తుడిచి, బీరువాలో రుమాలు మీద పెట్టి వచ్చాడు. సత్తిబాబు తాళం వేసుకున్నారు.

ఖర్మ కాలి ఆ మర్నాడే ఆకాశం మూసుకుంది. వాయుగుండం ఎటో పోతూ పోతూ కొల్లేటి మీద మబ్బు కప్పి వెళ్ళింది. వారం పాటు ఎండ జాడ లేదు, చల్లటి గాలి. విమానం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కసారి కూడా పడలేదు. సత్తిబాబు బాషా భుజం తట్టి, "ఎంతైనా చెయ్యి తిరిగిన మనిషండీ!" అని మెచ్చుకున్నారు. బాషా చాలా రోజుల తర్వాత ఇంటికి నవ్వుమొహంతో వెళ్ళాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఇంధనం డబ్బా కోసం షెడ్డులోకి వెళ్ళాడు. ఆ ఇంధనంలో ఆముదం కలుపుతారు, షెడ్డంతా ఆముదం కాలిన వాసన. బీరువాలో ఫోను మోగుతోంది. ఇనప బీరువా కాబట్టి, ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు లోతుగా వినిపించింది. బాషా డబ్బా చేత్తో పట్టుకుని అది ఆగేదాకా నిలబడ్డాడు. ఆగింది. మళ్ళీ మోగింది. తాళంచెవి తన దగ్గర లేదు. బయటికి వచ్చి చూస్తే దేవసహాయం గట్టు చివర, షెడ్డుకు బాగా దూరంగా, పక్షుల కోసం చేయి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. మోగిందని అతనికి చెప్పాలనిపించింది. చెప్పి ఏం లాభం, ఇంకాస్త బాధపడతాడు, అనుకుని విమానం ఎగరేసుకున్నాడు. ఆ రోజు అన్నం సయించలేదు.

మబ్బు విడిచింది. రోహిణి కార్తె ఎండ, దాచుకున్నదంతా ఒక్కసారే కుమ్మరించింది. విమానం పడింది. మర్నాడు మళ్ళీ పడింది.

ఆ రెండోసారి సత్తిబాబు గట్టు మీదే ఉన్నారు. విమానం ఎప్పట్లా చెరువులో కాకుండా, గట్టు మీది ఎండుగడ్డిలో బాషాకు నాలుగడుగుల దూరంలో పడింది. సత్తిబాబు మొహం ఎర్రబడింది. ఆయన సహజంగా నెమ్మదస్తుడే. కానీ ఎండ అందరి బుర్రల్నీ ఒకేలా వేడెక్కిస్తుంది.

"ఇంకో ఫోను కొన్నావా దేవసహాయం?"

"లేదండి బాబూ."

"మరెందుకు పడింది? ఆ సంచి ఇలా తే."

అన్నం క్యారేజీ సంచి తిరగేశారు. ఖాళీ గిన్నె, ఉప్పు పొట్లం, మడతపెట్టిన తువ్వాలు గడ్డిలో పడ్డాయి. దేవసహాయం అడక్కముందే రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. చొక్కా జేబు తనే బయటికి లాగి చూపించాడు. అందులో బీడీ ముక్క తప్ప ఏమీ లేదు.

బాషా అప్పటికే విమానం దగ్గర కూర్చుని పొట్ట విప్పాడు. ఉన్ని సంచిని పట్టుకుని, చురుక్కుమని వదిలేశాడు. మళ్ళీ పట్టుకున్నాడు. పెనం మీంచి తీసిన రొట్టెలా ఉంది. లోపలి పాలిథిన్ కవరు మెత్తబడి రిసీవరుకు అతుక్కుపోయింది.

ఇన్నాళ్ళూ చెరువులో పడి, చల్లటి నీళ్ళలో తడిసి, దోనె మీద వచ్చేది. చేతికి చేరేసరికి చల్లారిపోయేది. ఇవాళ మొదటిసారి వేడివేడిగా చేతికి దొరికింది. నల్లటి విమానం, పొట్టలో గాలాడని కవరు, దాని మీద దట్టమైన గొర్రెబొచ్చు. రిసీవరు ఉడికిపోయి, పనిచేయలేక చేతులెత్తేసింది. నీడలో చల్లబడ్డాక మళ్ళీ లేచి కూర్చుంటుంది. ఫోను కాదు, పాడూ కాదు. రెండున్నరకు ఎండ ముదురుతుంది, రెండున్నరకే కువైట్ పిల్లకు వీలు చిక్కుతుంది. అంతకుమించి ఆ రెండింటికీ చుట్టరికం లేదు. భాస్కరరావు గారు ఎండ ముదరకముందే ఎందుకు సర్దుకునేవారో కూడా అప్పుడు తెలిసింది.

ఇదంతా ఒక్క క్షణంలో బాషాకు బోధపడింది. తలెత్తి చూస్తే దేవసహాయం ఇంకా చేతులు దించలేదు.

అప్పుడు చెప్పేయాల్సింది. తన తప్పు అని తేలితే, ఈ విమానమూ వద్దు నువ్వూ వద్దు అని సత్తిబాబు అంటే, ఈ వయసులో మళ్ళీ ఏ పని వెతుక్కోవాలి? "రేపు చూస్తానండీ" అని మాత్రం అని, సంచి జేబులో పెట్టుకుని మోపెడ్ ఎక్కాడు. కొల్లేటి రోడ్డు పొడుగునా ఆ సంచి తొడకు వెచ్చగా తగులుతూనే ఉంది.

ఇంటికి వెళ్ళి షహనాజ్ ముందు సంచి పెట్టి జరిగింది చెప్పాడు. ఆమె మనసు కష్టపడుతుందని భయపడుతూ చెప్పాడు. ఆమె మొదట తెల్లబోయి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏవండీ, రోహిణి ఎండలో మిమ్మల్ని తివాచీలో చుట్టి గట్టు మీద పడుకోబెడితే మీరు మాత్రం మాట వింటారా? చలికాలంలో అడిగారు, నేశాను. ఎండలొచ్చాక తీసేస్తారనుకున్నాను."

"నాకు తట్టలేదు."

"వేసవి వస్తే మగ్గం మీద కూర్చోలేక వరండాలోకి పరిగెత్తుకొచ్చేదాన్ని. ఏళ్ళ తరబడి చూశారు కదా!" అని ఇంకా నవ్వబోయి ఆగిపోయింది. "మరి ఆ పెద్దాయన ఫోనో?"

బాషా సంచిని మడతపెట్టసాగాడు.

"ఇచ్చేశారా?"

"ఇంకా లేదు."

"ఆ పిల్ల చేస్తూనే ఉండుంటుంది కదండీ. అంత దూరంలో ఒక్కతే... నాన్న ఎత్తట్లేదంటే ఏమనుకుంటుంది? పోయాడనుకుంటుంది."

ఆ మాటతో బాషాకు షెడ్డులో మోగిన మోత మళ్ళీ వినిపించింది. మూత విప్పకుండా జబ్బు చెప్పే ఈ చెవులకు, బీరువాలో ఏడుస్తున్నదేమిటో ఆ రోజు తెలియలేదా? తెలుసు. తెలిసే నిలబడ్డాడు. సిగ్గుతో అతనికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు సంచి లేకుండా, రిసీవరుకు పలచటి నూలు గుడ్డ చుట్టి, గాలాడేందుకు విమానం పొట్టకు రెండు కన్నాలు పొడిచి ఎగరేశాడు. రెండున్నర దాటింది. మూడు దాటింది. దాని పాటికది తిరుగుతూనే ఉంది. దించి, తిన్నగా సత్తిబాబు దగ్గరికి వెళ్ళాడు.

"తప్పు ఫోనుది కాదండీ, నాది. ఉన్ని సంచిలో పెట్టి నేనే ఉడకబెట్టాను. దేవసహాయం గారికి దీంతో సంబంధం లేదండీ."

సత్తిబాబు తల పట్టుకున్నారు. "అన్యాయంగా వాడి సంచి తిరగేయించారు కదండీ నా చేత!" అన్నారు. విమానం మానేద్దామని మాత్రం అనలేదు. బీరువా తీసి ఫోను తనే తీసుకెళ్ళి దేవసహాయం చేతిలో పెట్టారు. ఆయన క్షమించమని అడగలేదు. అంత అలవాటు ఆ ఇంట్లో లేదు. ఆ సాయంత్రం మాత్రం చెరువులోంచి మంచి శీలావతి చేప ఒకటి తీయించి దేవసహాయం ఇంటికి పంపారు.

బాషా క్షమించమని అడగబోయాడు. అయితే దేవసహాయం అడగనివ్వలేదు. "ఎండండి బాబూ, ఎవరికైనా బుర్ర పనిచేయదండి" అన్నాడు. అది కోపంతో అన్నా బాగుండేది.

ఫోను చేతికొచ్చింది గానీ మోగలేదు. వారం గడిచింది. రెండో వారం కూడా గడిచింది. రోజూ రెండున్నర ముందు దేవసహాయం ఫోను తుడుచుకుని మోటారు షెడ్డు నీడన కూర్చునేవాడు. సాయంత్రానికి జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. బాషా రెండయ్యేసరికి విమానం దించేసి, తనూ కొంచెం దూరంలో కూర్చునేవాడు. దించాల్సిన అవసరం లేదు. కానీ ఆ వేళ ఇంజను మోత తనకే భరించరానిదిగా ఉండేది. ఇద్దరూ నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయేవారు. గూడబాతులు తాపీగా దిగి భోజనం చేసేవి. సత్తిబాబు దూరం నుంచి చూసి కూడా ఏమీ అనేవారు కాదు.

"ఇల్లు మారిందేమోనండి. లేకపోతే ఆవిడ బయటికెళ్ళట్లేదేమో" అనేవాడు దేవసహాయం.

"అంతేనండీ. అదే అయ్యుంటుంది" అనేవాడు బాషా. ఇద్దరికీ నమ్మకం లేదు.

జూన్‌లో ఒకరోజు గూడబాతుల గుంపు మరీ పెద్దది దిగింది. చెరువు తెల్లగా కనిపించింది. బాషాకు తప్పలేదు. రెండున్నర దగ్గరపడుతుండగా విమానం లేపాడు. రెండు చుట్లు తిరిగిందో లేదో, వెనక ఫోను మోగింది.

బాషా తల తిప్పి చూశాడు. దేవసహాయం లేచి నిలబడ్డాడు. అరచేతిలో ఫోను మోగుతోంది. కానీ అతను ఫోను వైపు చూడటం లేదు. తలెత్తి విమానం వైపు చూస్తున్నాడు. తర్వాత బాషా వైపు చూశాడు. ఎత్తమంటారా అని అడుగుతున్నట్టు.

"ఎత్తండి దేవసహాయం గారూ!"

"విమానం గాల్లో ఉందండి."

"ఉండనివ్వండీ, ఎత్తండి!"

"పడిపోద్దేమోనండి బాబూ..."

"పడితే పడనివ్వండీ! ముందు ఎత్తండి!" బాషా గొంతు పగిలిపోయింది. ఆ అరుపుకు గట్టు అంచున కొంగ ఒకటి లేచిపోయింది.

దేవసహాయం ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "అమ్మా" అన్నాడు. తర్వాత అవతలి ఏడుపు వింటూ నిలబడ్డాడు. కళ్ళు మాత్రం పైన తిరుగుతున్న విమానాన్ని వదలలేదు. అది పడలేదు.

"ఏం కాలేదమ్మా, బాగానే ఉన్నాను... లేదమ్మా, జొరం కూడా రాలేదు... నీ మీద కోపమెందుకమ్మా?" గొంతు సవరించుకున్నాడు. "ఫోను పాడైపోయిందమ్మా. అందుకే ఎత్తలేదు. మా దగ్గర బాషా గారని ఉన్నారు చెప్పానా, రేడియో మెకానిక్కు? ఆయనే కష్టపడి బాగుచేసి ఇచ్చారు. మంచోరమ్మా."

బాషాకు ఆకాశం మసకబారింది. ఈసారి అది ఎండ వల్ల కాదు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. చెరువు మీది గూడబాతులన్నీ ఎప్పుడో పోయాయి, తోలడానికి ఒక్కటీ లేదు. అయినా వెనక ఆ మాటలు సాగుతున్నంతసేపూ, ఇంధనం అయిపోయి ఇంజను దానంతటదే ఆగేదాకా, అతను విమానాన్ని దించలేదు.